లాభం, రెండు, మూడు

మిర్యాలగూడల పొద్దు పొడవక ముందే
మిల్లులు పొగ ఊదుతయి.
ఉనుక గాలికి లేచి
మా రేకుల మీద, తీగె మీద ఆరేసిన రవికెల మీద,
నా ముక్కు లోపట ఎవ్వలకూ కనపడని అర్రలల్ల
వాలుతది.

ఆ అర్రలు ఉన్నయని నాకు మొన్ననే తెలిసింది.
సర్కారు దవాఖానల సిస్టరమ్మ గోడకున్న బొమ్మ జూపిచ్చింది:
కనుబొమల మీద రెండు, చెంపల ఎనక రెండు,
ఉత్త గాలి మసలాల్సిన జాగలు.
"నీయి గోదాములైనయి సైదమ్మా" అన్నది.
నవ్వొచ్చింది. నవ్వితే నొసలు పలిగినట్టయింది.
పదకొండేండ్ల సంది గోదాములు ఊడ్సేదాన్ని,
నా లోపటి గోదాము ఎవ్వలు ఊడ్వాలె?

ఇరవై దినాలాయె వాసన సచ్చి.
అన్నం మాడితే పక్కింటి బుజ్జక్క అరిసి చెప్పాలె.
చీపురు కోసం వంగితే
మొకమంతా ముందుకు జారి
కండ్ల కింద వడ్ల బస్తా ఏలాడ్తది.
జిందా తిలిస్మాత్ రాసిన.
పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చిన,
పొగ గడపల్నే నిలబడి మర్లిపోయింది.

సిస్టరమ్మ చెప్పింది:
మూడు నిమిషాలు కాపుడు, అర నిమిషం సల్లది,
మల్ల కాపుడు, మల్ల సల్లది, మూడు తిర్లు.
"జరమొచ్చినా, కండ్ల సుట్టు వాసినా
ఇవన్నీ ఇడిసిపెట్టి నా తానికి ఉరుకు."

వేడికి పొయ్యి ఉంది. సల్లకు మల్సూరు ఉండు.
చేపల మార్కెట్ల మా ఆయనది మూడో బండ,
బొచ్చెలు, రవ్వలు, ఓ తెల్ల డబ్బ నిండ ఐసు.
పెండ్లయిన కాడికెల్లి ఒకటే కొట్లాట:
తానం జేస్తెగని గడప తొక్కొద్దని.
ఈ ఇరవై దినాలు నేనేమనలే.
ఆయనే గడపల జరసేపు ఆగి,
తిట్టు రాకపోయేసరికి
ఊరుగాని ఊర్ల బస్సు దిగినోని లెక్క
లోపలికొచ్చేది.

నిన్న రాత్రి మార్కెట్ల ఐసు కడిగి, పగలగొట్టి
కవర్ల గట్టి తెచ్చిండు.
ఒక తువ్వాల వేడినీళ్లల్ల పిండిండు,
ఇంకోటి ఐసుకు సుట్టిండు.
గడియారం సూడ్డు. ఆయనది తూకం లెక్క:
లాభం, రెండు, మూడు, నాలుగు...
ఆరు తర్వాత ఏడు అనడు,
ఆర్నొక్కటి అంటడు.
బేరం కాడ ఏడుపు మాట రావొద్దట.
నాకేమో కండ్లెంబడి నీళ్లు కారుతనే ఉన్నయి,
వేడికో, ఐసుకో, ఆ లెక్కకో.

కాపుడు పడ్డప్పుడు
బాయిలర్ల ఉడికిన వడ్లు పొట్టు ఇప్పినట్టు
చెంపలు మెత్తబడ్డయి.
ఐసు పడ్డప్పుడు
పుష్యమాసం సాగర్ కాల్వల ముంచి లేపినట్టయింది.
నూరు దాటినంక ఆయన లెక్క రెండుసార్లు తప్పిండు.
మల్ల లాభం కాడికెల్లి మొదలువెట్టిండు.
నేను సెయ్యి పట్టుకొని ఆపలే.

మూడో తిరుగుల
కుడి ముక్కు లోపట టిక్కుమన్నది,
ఎవ్వలో తూము తలుపు ఇంచంత లేపినట్టు.
సన్నగ గాలి. గాలెంబడి
పొలుసు, బురద, నాచు,
తుప్పుపట్టిన తక్కెడ.

"కంపు!" అన్న.
"తానం జెయ్యకుంటనే నా మొకం ముట్టుకున్నవా? లే, లే!"
మల్సూరు తువ్వాల నా ఒళ్లేసి
ఉరికినట్టే నల్ల కాడికి పోయిండు.
బకిట్ల నీళ్లు పడుతుంటే
ఆయన ఈల ఇనొచ్చింది.
ఈల ఎయ్యొస్తదని నాకు తెల్వనే తెల్వదు.

ఎడమ దిక్కు ఇంక మూసే ఉంది.
రేపు మల్ల మిల్లు, మల్ల ఉనుక.
ముక్కుకు దస్తీ కట్టుకొమ్మన్నది సిస్టరమ్మ.
కట్టుకుంటే మేస్త్రి నవ్వుతడు.
నవ్వనియ్యి.

గిన్నెల ఐసు కరిగి నీళ్లయింది.
పారబొయ్యబుద్ధి గాలే, వంగి వాసన జూసిన.
నీళ్లకు వాసన ఉండదంటరు.
ఉంది.