సంక్రమించిన విధము

ఇరవై రెండేళ్లుగా నేను నింపుతున్న గడి అది.
అడంగలులో, అనుభవదారు పేరు పక్కన,
"సంక్రమించిన విధము."
పిత్రార్జితం. క్రయం. దానం. డీ-ఫారం పట్టా.
నాలుగింటిలో ఒకటి రాస్తే
పొలం నోరు మూసుకుంటుంది.

ఆవేళ అల్లూరు ఆఫీసులో కరెంటు లేదు.
ఎదురుగా మానికల అంకమ్మ,
ఇసకపల్లి రొయ్యల గుంటల కాడ నించి
పదకొండేళ్లకు బయటికొచ్చిన మనిషి.
కుర్చీ చూపిస్తే నేల చూసుకుని కూర్చుంది.
కాలివేళ్ల సందుల్లో ఉప్పు తిన్న తెల్లటి పుండ్లు.
వాంగ్మూలం రాసుకోమన్నారు నన్ను.

వెట్టి విడుదల పత్రంలో ఆ గడి లేదు.
ఉంటే ఏం రాద్దునా అని
అలవాటు కొద్దీ పెన్ను ఆగింది.

పిత్రార్జితమా?
వాళ్ల నాయన వదిలిపోయింది
తొమ్మిది వేల అడ్వాన్సు, దాని మీద వడ్డీ.
క్రయమా?
ఆమె కొన్నదేమీ లేదు, ఆమెనే కొన్నారు.
సర్కారు దయా?
ఇచ్చిన చెయ్యి ముడుచుకోనూ వచ్చు;
రద్దయిన పట్టాల ఫైళ్లు
ఎర్ర తాడుతో నేనే కట్టాను.
దేవుడిచ్చాడని రాద్దామా అంటే
గుంటలాయన కూడా ఏటేటా
జొన్నవాడ అమ్మవారికి చీర పెట్టొచ్చేవాడే.

"నిన్నెట్టా చూసేవాడు?"
కాగితం మీదున్న ప్రశ్నే అడిగాను.

కొంగు ముడి విప్పి, మళ్లీ వేసుకుంది.
"సందేళ మేత చల్లొచ్చినాక
నిలబెట్టి చెప్పేవోడు సామీ,
నువ్వు మనిషివి కాదే అని.
ఒకనాడు గాదు, దినామూ.
గుంటలో తిరిగే ఏరియేటరు ఉండాదే,
దానికి ఎప్పుడన్నా చెప్పినాడా
నువ్వు మనిషివి కాదని?
మేత మూటకి చెప్పినాడా?
నాకే ఎందుకు చెప్పాల?"

బయట ఎవరో టోకెన్ నంబరు అరుస్తున్నారు.
"దినామూ"ని "ప్రతిరోజూ" అని మార్చి,
కొట్టేసి, మళ్లీ దినామూ అనే రాశాను.

కాదనడానికైనా ఎదుట ఒకరుండాలి.
వినే చెవీ, నొచ్చుకునే లోపలా ఉండాలి.
ఉన్నాయని అతనికి తెలుసు,
నాకంటే బాగా తెలుసు.
దినామూ ముంచాల్సి వచ్చిందంటే
దినామూ అది పైకి తేలినట్టేగా.

ఆ గుంటల లైసెన్సు ఫైలు నడిపింది నేనే.
నాలుగు మోటార్లు, రెండు షెడ్లు, ఒక జనరేటరు.
అందులో ఆమె లేదు.

వేలిముద్ర వెయ్యమన్నాను.
గీతలరిగిన బొటనవేలు, రెండుసార్లు పడలేదు.
మూడోసారి ఇంకు దాకా పోయి ఆగింది.
"ముందు చదివి వినిపియ్యి సామీ."

చదివాను.
"అధికారులచే విముక్తి చేయబడిన" అన్నచోట
చెయ్యెత్తింది.
"అది గాదు. అమాస రేత్రి
కాలవ కట్ట పట్టుకోని నేనే నడిచొచ్చినా.
మీరు తెల్లారినాక వచ్చినారు.
అట్ట రాయి."

కొట్టేశాను. అట్టే రాశాను.
కొట్టివేత పక్కన పొట్టి సంతకం ఉండాలి, రూలు.
పెట్టాను.