రోహిణి కార్తెలో ఆరువేల నాలుగొందలు

రిచీ స్ట్రీట్‌లో కమర్ భాయ్ కొట్టు
మనిషి పక్కకి తిరిగితేనే పట్టేంత.
"మెరిసేది కావాలా, పనిచేసేది కావాలా?" అన్నాడు అరవంలో.
మెరిసేది మా అమ్మాయికి, పనిచేసేది నాకు అన్నాను.
గాజుబల్ల మీద రెండు పెట్టెలు పెట్టాడు.
రెండూ ఆరువేల వేగమే,
రెండింటికీ అదే నల్ల అల్యూమినియం చొక్కా,
ధరలో మాత్రం పదకొండొందల తేడా.
చీటీ మీద సన్న అంకె చూడమన్నాడు:
ఒకదాని మీద ముప్పై, ఒకదాని మీద నలభై.
"ఎంత జోరుగా పరిగెడుతుందని కాదు సార్,
పిలిస్తే ఎంతసేపటికి పలుకుతుందో చూసుకో."

ఇప్పుడొకటి, వచ్చే నెలొకటి కొంటానంటే ఒప్పుకోలేదు.
ఒకే పెట్టెలో వచ్చినవే ఒకదాని మాట ఒకటి వింటాయట,
విడివిడిగా కొన్నవి కాపురం చేస్తే నీ అదృష్టం,
చెయ్యకపోతే పంచాయితీకి నా కొట్టుకే వస్తావు అన్నాడు.
మూడు పెళ్ళిళ్ళ వీడియోలు కత్తిరించి కుట్టిన డబ్బు
లెక్కపెట్టి ఇచ్చాను.
ఆ మూడింటిలో ఒక జంట
అప్పటికే వేరుగా ఉంటున్నారని విన్నాను.

చూలైలో మేడ మీద రేకుల గది. రాత్రి పది.
క్లిప్పులు టక్కుమన్నాయి.
మీట నొక్కితే తెర నల్లగానే ఉంది,
బోర్డు మూల పసుపు దీపం ఒక్కటే.
"అదేం చేస్తోంది నాన్నా?" అంది వకుళ.
నేర్చుకుంటోందమ్మా, ఏ తీగలో మాట ఎంత ఆలస్యంగా వస్తుందో.
"ఎక్కాలా?"
దాదాపు అవే.
నాలుగు నిమిషాలకి తెర వెలిగేసరికి
పిల్ల నా మోకాలి మీద నిద్రపోయింది.

ఆరువేలు నిక్షేపంగా నడిచింది.
నిక్షేపంగా నడిచేదాన్ని నడవనివ్వని జబ్బు నాది.
ఆరువేల రెండొందలు: సరే అంది.
ఆరువేల నాలుగొందలు: ఉలకలేదు, పలకలేదు.
స్క్రూడ్రైవర్ మొనతో రెండు పిన్నులు కలిపి
చెప్పిందంతా మరిపించి
మళ్ళీ ఓనమాల నుంచి.
వోల్టేజి పెంచాను,
పులుసులో ఉప్పులా, గోటితో గిల్లి.
లేచింది.

ఇందులో జ్ఞాపకమంటే రాత కాదు, చిల్లుకుండ.
ఒక్కో గదిలో చిటికెడు కరెంటు, అదీ కారిపోతూ.
సెకనులో ముప్పయ్యో వంతు గడిచేలోగా
ఒకడొచ్చి, నీ దగ్గరున్నది ఇదీ అని చదివి
మళ్ళీ నింపి పోవాలి.
వాడొచ్చినప్పుడల్లా పని ఆగుతుంది.
వాణ్ణి తక్కువసార్లు రమ్మంటే వేగం పెరుగుతుంది.
గుర్తుచేసేవాడు రాకుండా
ఎంతసేపు ఉండగలవు అని అడగడమే ఈ ఆట.
నేను మరీ ఎక్కువసేపు అడిగాను.

తెల్లవార్లూ పరీక్ష. తప్పులు సున్నా.
కమర్ భాయ్‌కి ఫోను చేసి గొప్పలు పోయాను.
"మధ్యాహ్నం చూడు" అని పెట్టేశాడు.

వీళ్ళు కత్తిరి అంటారు, మనం రోహిణి కార్తె అంటాం,
రోళ్ళకి ఏ భాషైనా ఒకటే, పగులుతాయి.
రెండున్నరకి, రేకుల కింద,
గంటా నలభై ఏడు నిమిషాల దగ్గర
తెర మీద ఎర్ర గీత.
ఇరవై ఏడు వేల కోట్ల గదుల్లో
ఒకే ఒక్క గది
ఒకటి ఉండాల్సిన చోట సున్నా చూపించింది.

ఒక్కటేగా, అనుకున్నాను కాసేపు.
కానీ అది ఎవరి పెళ్ళిలో పడుతుందో!
తలంబ్రాల నడుమ ఆకుపచ్చ గడి,
మూడో ముడి దగ్గర చీలిపోయిన ముఖం.
అరగంట వీడియోకి నలభై సెకన్లు మిగుల్చుకున్నానమ్మా
అని ఏ పెళ్ళికూతురికి చెప్పను?

పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను అటు తిప్పాను.
ఎర్ర గీతలు ఆగాయి.
చాప మీద వకుళ చెమటతో లేచి కూర్చుని
ఫ్యాను వంక చూసింది, నా వంక చూసింది, ఏమీ అనలేదు.
ఫ్యాను ఇటు తిప్పేశాను.
ఆ నింపేవాణ్ణి
మునుపటిలా వచ్చిపొమ్మన్నాను.

సాయంత్రం కరెంటు పోయింది.
పెట్టెకి ఏమీ గుర్తులేదు.
నాకూ ఉండదని తెలుసు గనక
పక్క రేకు లోపల పెన్సిల్‌తో రాసిపెట్టాను:
ఆరువేల నాలుగొందలు, ముప్పై, ముప్పై ఎనిమిది.
కింద చిన్నగా: మార్గశిరంలో మళ్ళీ చూడాలి.

నిన్న దుమ్ము తుడవబోతే
ఆ అంకెల కింద ఇంకో చేతిరాత, వంకర టింకరగా.
ఏడెనిమిదులు యాభై నాలుగు.
ఎండ తగ్గాక దిద్దుతాను.