పుర్రచేతి విల్లు

ఆ విల్లు నాది కాదు, సిగ్నీది.
ఆమెది పుర్రచేతి వాటం.
భుజం కీలు అరిగిపోయి
తాడు చెంపదాకా రావడం మానేసిన ఏడు
మా పాలషెడ్డు తలుపుకు ఆనించి వెళ్లిపోయింది,
చీటీ అయినా పెట్టకుండా.

నాది కుడిచెయ్యి.
విల్లు మారదు గనక నేనే మారాను.
వేసవంతా గడ్డిమోపుల మీదికి
ఎడమచేత్తో తాడు లాగీ లాగీ
చివరికి చెంచా ఏ చేత్తో పట్టుకోవాలో మరిచి
సూపు ఒలకబోసుకునేదాన్ని.

అక్టోబరు మూడో శనివారం.
కికపూ నది మీద మంచు ఇంకా లేవలేదు.
మేపుల్ చెట్టు మీద, రెండు నిలువుల ఎత్తున
నాన్న కొట్టిన చెక్కపలక,
నడుముకు పట్టీ,
కోటు జేబులో సిగ్నీ ఇచ్చిన ఆపిల్.
"బాణం వదిలాక తిను,
గింజలదాకా తిను,
అది అయిపోయేవరకూ చెట్టు దిగకు."

ఉడుత ఒకటి ఎండాకుల్లో
ఏనుగంత చప్పుడు చేసింది.
జింక ఏ చప్పుడూ చేయలేదు.
వచ్చింది అనడం కూడా తప్పే.
ఒకసారి చూస్తే లేదు,
మళ్లీ చూస్తే ఉంది.

ఆడది. ఎడమచెవి కొస చీలి ఉంది.
ముక్కు దగ్గర చిన్న ఆవిరి.
దాని తల ఓక్ మొద్దు వెనక్కి వెళ్లినప్పుడు
తాడు లాగాను.
తల ఇవతలికి వచ్చేసరికి
నా బొటనవేలు దవడ ఎముకను తాకుతోంది.

వదిలిన గుర్తు లేదు.
వేళ్ల మధ్య తాడు లేకపోవడం గుర్తుంది.
తడిబట్ట బండకేసి బాదినట్టు ఒక చప్పుడు,
పొదలు విరిగిన చప్పుడు,
ఆ తర్వాత ఏమీ లేదు.
ఉడుత మళ్లీ తన పని మొదలుపెట్టింది.

ఆపిల్ కొరకబోతే
పళ్లు ఒకదాన్నొకటి కొరుక్కున్నాయి.
ముప్పావుగంట పట్టింది తినడానికి.
తొడిమ మిగిలింది. అదీ నమిలాను.

ఆ ఏడు ఆకులు బాగా పండాయి.
నేలంతా ఎరుపే.
ఏది ఆకు, ఏది నెత్తురు?
ఒక్కో ఆకునీ వేలితో రాసి చూడాలి.
సిగ్నీ గొడ్లచావిడి బూట్లతోనే వచ్చింది,
ఏప్రాన్ జేబులో బట్టల క్లిప్పులు.
తడి తగిలిన చోటల్లా
దగ్గరి కొమ్మకు ఒకటి తగిలించింది.

అయిదో క్లిప్పు దగ్గర జాడ తెగింది.
మోకాళ్ల మీద పాకాం,
డెబ్బై ఒక్కటి ఆమెకు, పదిహేను నాకు.
దొరకదేమో అన్నాను.
"దొరకాలి" అంది.
అంత కోపంగా ఆమె మాట్లాడగా
అంతకుముందు వినలేదు.

వాగు ఒడ్డున ఉంది.
నిద్రపోతున్నట్టు ఉంటుందంటారు అందరూ.
లేదు.
కన్ను తెరిచే ఉంది,
కంటిగుడ్డు మీద ఒక గడ్డిపరక,
రెప్ప వేయలేదు.
సిగ్నీ వంగి ఆ పరక తీసేసింది.

మెచ్చుకుంటుందనుకున్నాను.
"చొక్కా చేతులు పైకి మడుచుకో" అంది.

కత్తి ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఆపకూడదో
ఆమె చెబుతుంటే నేను కోశాను.
తెల్లవారుజాము నుంచి మొద్దుబారిన వేళ్లకి
వెచ్చదనం దొరికింది దాని లోపలే.
సిగ్గేసింది.
అయినా కాసేపు చేతులు అక్కడే ఉంచాను.

ఆ రాత్రి ఇనపపెనం మీద
ఉల్లిపాయలతో కార్జం.
నాన్న మారు వడ్డించుకున్నాడు, మాట్లాడలేదు.
నేను ఏ చేత్తో తిన్నానో ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత ఎన్నింటిని కొట్టానో
అడిగితే వేళ్లు లెక్కపెట్టుకోవాలి.
చెవి చీలినది ఒక్కటే
అడక్కుండా వస్తుంది.

క్లిప్పులు ఏడు పెట్టాం, ఆరు తెచ్చాం.
నీలంది ఒకటి
ఆ పొదల్లో ఏ కొమ్మనో పట్టుకుని ఉండిపోయింది.
పోయేదాకా అడిగేది సిగ్నీ
ప్రతి అక్టోబరులోనూ,
జింక గురించి కాదు,
ఆ క్లిప్పు దొరికిందా అని.