బాకీ పద్దు

మొజ్జాడ దమయంతి పేరన నా ఖాతా పుస్తకంలో
మొదటి పద్దు:
ఎర్ర ఎనామిల్ పావు లీటరు, మూడో నంబరు బ్రష్షు ఒకటి.
పదిహేనేళ్ళ పిల్ల. బోర్డు రాస్తాదట.
"ఒరియాలోనా, తెలుగులోనా?" అన్నాను.
"రెండూ గుండ్రమే కదా మావయ్యా,
చెయ్యి ఒకసారి తిరిగితే చాలు" అంది.
నవ్వీసాను గానీ
మర్నాడు పేలెస్ వీధి టైలరు కొట్టు మీద
పై వరస ఒరియా, కింది వరస తెలుగు,
ఒకే దారంతో కుట్టినట్టున్నాయి.

నీళ్ళ రంగులు పర్లాకిమిడిలో ఎవరు కొంటారు?
తన కోసం బరంపురం నుంచి తెప్పించాను.
వైశాఖంలో మహేంద్రతనయ ఇసకలో గొడుగు పాతుకుని
అవతలి గట్టు మీది పాతపట్నాన్ని వేసింది.
బొమ్మలో ఏటికి చుక్క నీరు లేదు.
వేయడానికి మాత్రం రెండు బిందెలు పట్టాయట.

ఫ్లెక్సు మిషను వొచ్చిన ఏడు
ఆమె పేజీ తెల్లగా ఉండిపోయింది.
మానీసింది కాబోలనుకున్నాను.

ఆ మరుసటేడు వొచ్చి
"తుప్పు ఉందా మావయ్యా?" అంది.
నలభై ఏళ్ళుగా తుప్పుని కప్పే రెడాక్సైడు అమ్ముకుని
బతికినవాణ్ణి.
తుప్పునే అడిగిన బేరం అదే మొదలు.
పెరట్లో వానకి నానిన డబ్బా మూతలు ఎత్తుకెళ్ళి
తడిపిన పాత పంచె మీద బోర్లించి
వారం రోజులు ముట్టుకోలేదట.
తీస్తే, పంచె నిండా
ఎర్రటి సూర్యుళ్ళు, కొరికినట్టున్న చందమామలు.
నేను ఏటీ అనలేదు.
నాకు అవి మూతల్లాగే కనిపించాయి, నిజం చెప్పాలంటే.

వాళ్ళ నాన్న కొమ్ముపని మనిషి.
గేదె కొమ్ముని అరగదీసి కొంగలు తీస్తాడు, రొయ్యలు తీస్తాడు.
రాలిన పొడిని అరటి మొదట్లో పోస్తారు వాళ్ళింట్లో.
ఆ పొడిని జిగురులో కలిపి
మహేంద్రగిరి మీద మబ్బు వేసింది దమయంతి.
ఎండ పడితే ఆ కొండ
కాలిన వెంట్రుక వాసన వేసేది.
మూడు నెలలకి పురుగు పట్టీసింది.
పట్టుకొచ్చి నా కౌంటరు మీద పరిచింది. ఏడుస్తాదనుకున్నాను.
పురుగు తిన్న దారుల మీద వేలు పెట్టి
"ఈ గీత నాకెప్పటికీ రాదు" అంది
అసూయగా.

మొన్న ఉలి పట్టుకుని వొచ్చింది.
నేను రంగులు కలిపే చోట, గచ్చు మీద
చుక్కా చుక్కా పడి గట్టిపడిన బొడిపె ఒకటి,
ఎన్నిసార్లు కాలికి తగిలి తిట్టుకున్నానో,
దాన్ని అడిగింది.
రంపంతో అడ్డంగా కోసి చూపించింది.
గొంతుక్కూర్చున్నాను.

ఈ పసుపు గుణుపురం లైను గేటు గుమటీది.
ఈ గులాబీ కంసాలి వీధిలో పెళ్ళివారిది,
పెళ్ళి ఆగింది గానీ రంగు డబ్బులు ఇచ్చీసారు.
ఈ బూడిద చార తిత్లీ గాలివాన ఏడాది,
పైకప్పులే లేవు, రంగెవరు కొంటారు, దుమ్మే పేరుకుంది.
ఈ సన్నటి తెలుపు మా ఇంటిది.
దాని గురించి తను అడగలేదు,
నేను చెప్పలేదు.

"ఎంతివ్వమంటావు?" అంది.
పుస్తకం తెరిచి, తారీకు వేసి, ఆగిపోయాను.
జమా? ఖర్చా?
నలభై ఏళ్ళు నేను పారబోసినదానికి
దర ఎవరు కట్టాలి?

ఆ చోట ఇప్పుడు గచ్చు గుండ్రంగా, కొత్తగా ఉంది.
ఇవాళ ఆసుపత్రి గోడలకని ఆకుపచ్చ కలుపుతూ
డబ్బా కొంచెం వొంచాను.
ఒక్క చుక్క.
తుడవలేదు.