నాలుగో రోజు

కొబ్బరి రేట్లు రాసుకునే పుస్తకాన్ని
తిరగేసి వెనకనుంచి మొదలుపెట్టాను.
మారేడుమిల్లి, నాలుగు రోజులు.
ముందు పేజీల్లో వెయ్యి కాయల ధర,
వెనక పేజీల్లో వెలుతురు వేళ.

మా అంబాజీపేటలో ఎత్తంటే
మార్కెట్లో వలవని కాయల రాశి,
కాలవ గట్టు, మంచినీళ్ళ ట్యాంకు,
ఆపైన సెల్ టవరు. అంతే.
మా స్టూడియోలో మాత్రం ఓ కొండ వేలాడుతుంది
గుడ్డ మీద, మంచు టోపీతో.
కింది అంచు ఎలకలు కొరికాయి.
దాని ముందు నిలబడని పెళ్ళిజంట ఈ చుట్టుపక్కల లేదు.
వేసినాయన కూడా కొండ చూడలేదట,
విస్తట్లో అన్నం కుప్ప చూసి వేశాడట.

మొదటి రోజు గుడిస గడ్డికొండ.
తెల్లారుజామున మూడింటికి జీపు.
ట్రైపాడ్, ఫ్లాస్కు, జోషిత స్వెట్టరు
(స్వెట్టరు లేదు, కొనాలి).
రెండో రోజు జలపాతం,
నీళ్ళు పాలమీగడలా జారాలంటే ఎండ ముదరకూడదు.
మూడో రోజు లోయలో వాగు, ఆరూ పదికి సూర్యుడు.

జీపు సోమిరెడ్డికి ఫోన్లో చదివి వినిపిస్తే
మెల్లగా నవ్వాడు.
"ఆరూ పది మీ ఊళ్ళోనండి.
ఇక్కడ వాగులోకి ఎండ దిగేసరికి
మీ టిఫిన్లు కూడా అయిపోతాయి.
నాలుగింటికల్లా కొండ మళ్ళీ లాగేసుకుంటది."

పెన్ను ఆగిపోయింది.
మాకు పొద్దు అందరికీ ఒక్కసారే వస్తుంది.
వరిచేను మీదా, రొయ్యల చెరువు మీదా,
డాబా మీద ఆరేసిన దుప్పట్ల మీదా
ఒకే నిమిషంలో.
వెలుతురు కూడా వంతు పెట్టుకుని,
శివారు చేలకి కాలవ నీరొచ్చినట్టు
ఆలస్యంగా, కొంచెంగా వచ్చే చోటు ఉంటుందని
ఇన్ని పెళ్ళిళ్ళకి లైట్లు పట్టి కూడా
నాకు తట్టలేదు.

కొట్టేసి మళ్ళీ రాశాను.
మా ఆయన డ్రోన్ అద్దెకి తెద్దామన్నాడు.
మరిది చంటిబాబు బొంగు చికెన్‌కి
ఒక పూట పూర్తిగా వదిలేయమన్నాడు.
జోషితకి మబ్బుని ముట్టుకుంటున్న ఫొటో కావాలి.
అందరివీ రాశాను.

గుమ్మం దగ్గర చీపురుకి ఈనెలు చీరుతున్న అత్త
తలెత్తకుండా అడిగింది
"నా రోజు ఏదమ్మా?"

పేరు పల్లాలమ్మ. డెబ్బై దాటాయి.
ఆ మోకాళ్ళకి మేడమెట్లే కొండలు.
"రూముకి బాల్కనీ ఉందత్తయ్యా" అన్నాను,
నా గొంతు నాకే నచ్చలేదు.

"బాల్కనీ ఏం చేసుకోను? గోదారి చూపించు.
గౌతమి చూశాను, వశిష్ఠ చూశాను,
వైనతేయ మా పుట్టింటి దొడ్డెనకే,
ఒకేడు ఆ దొడ్డి కూడా పట్టుకుపోయింది.
పాయలు కాకముందు, ఒక్కతే ఉన్నప్పుడు
ఎలాగుంటాదో చూడాలి.
ఆ ఇరుకులో అరుస్తాదో,
నోరు మూసుకుని వస్తాదో."

చంటిబాబు ఏదో అనబోయి ఊరుకున్నాడు.

"కొండలంటావా, అయ్యి నాకు కొత్తేం కాదు.
వరద తీసినాక చేలో మిగిలే ఒండ్రు
ఎక్కడిదనుకున్నావు?"
అని ఇంకో ఈనె చీరింది.

నాలుగో రోజు కింద
అప్పటికే మూడు వ్యూ పాయింట్లున్నాయి.
గీత గీసేశాను.
దీనికి వెడల్పు లెన్సా, దూరపు లెన్సా, తెలీదు.
అసలు ఫొటో తీయాలో లేదో కూడా.

పాపికొండల కింద, పడవ రేవు.
వేళ, ఎండ ఎప్పుడొస్తే అప్పుడు.
ప్లాస్టిక్ కుర్చీ ఒకటి,
చేతులున్నది.