మీట బరువు

దాలిబోర్ జేబులోంచి చిన్న డబ్బా తీసి
నా పనిబల్ల మీద పెట్టాడు,
లోపల ఉంగరముందేమో అన్నంత మెల్లగా.
నురుగు దిండు మీద ఎర్రటి అల్యూమినియం ట్రిగ్గర్,
రెండు స్ప్రింగులు, వెంట్రుకంత పిన్ను ఒకటి.
నాలుగువేల ఎనిమిదివందల కొరునాలు.
ట్రాము డిపోలో ఎన్ని రాత్రి డ్యూటీలని
నేను అడగలేదు. అతనే చెప్పాడు, ఆరు.

"బిగించు. శనివారం పోటీ."

తుపాకీ ఖాళీయేనని రెండుసార్లు తెరిచి చూసి
పాత మీటే నొక్కాను.
ముందు కాస్త ఉత్తి నడక,
తర్వాత ఒక గోడ,
గోడ లోపల ఇసుక.
త్రాసు తగిలిస్తే రెండు కిలోల ఆరువందలు.
ఫ్యాక్టరీకి వేళ్లు తెలియవు,
కోర్టులు తెలుసు.

"ముందు క్వారీకి పద" అన్నాను.

సున్నపురాయి తవ్వి వదిలేసిన గోతిలో మా రేంజి.
ఫిబ్రవరి. బెస్కిడీ కొండల మీంచి తడిమంచు గాలి.
అతని మ్యాగజైను నేనే నింపాను,
నిజం తూటాల మధ్య రెండు డొల్లవి.
ఎక్కడున్నాయో చెప్పలేదు.

ఢాం. ఢాం. ఢాం.
టక్.

ఆ టక్ దగ్గర
పేలని తుపాకీ మూతి
సలాం కొట్టినట్టు కిందికి వంగింది.
ఎవరూ తన్నని తాపుకి
మణికట్టు ముందే జడుసుకుంది.
దాలిబోర్ నా వైపు చూడలేదు.
తన చేతివైపు చూసుకున్నాడు,
పక్కింటివాడి చేయి పొరపాటున తనకి అతికించినట్టు.

ఏం చెప్పను?
ఆ వంపుకి స్ప్రింగు దొరకదు.
ఏ కంపెనీ దాన్ని ఎర్రరంగు వేసి అమ్మదు.
ఆ డబ్బుకి ఎనిమిదివందల తూటాలొచ్చేవి,
ఏడువందలోదాని దగ్గరికొచ్చేసరికి
భయానికే విసుగొచ్చేది.

ఇక్కడితో ఆపితే మంచి నీతికథ.
ఆడలేక మద్దెల ఓడన్నాడని
నవ్వుకుంటూ ఇంటికి పోవచ్చు.
కానీ మద్దెల నిజంగానే ఓడైన రోజులుంటాయి.

బ్లాజెనా ఉంది.
పోస్టాఫీసులో నలభై ఏళ్లు ముద్రలు కొట్టిన చేయి.
కీళ్లవాతం వచ్చి చూపుడువేలు
అల్లంకొమ్ములా మెలితిరిగింది.
ఆ వేలికి రెండున్నర కిలోలంటే
నిండు బావి చేదడమే.
కిలోన్నరకి దించి ఇచ్చాను.
మొదటి కాగితం మీద చిల్లులన్నీ
కాఫీ కప్పు అడుగున దాక్కునేంత దగ్గరగా పడ్డాయి.
ఫ్రిజ్ మీద మనవడి బొమ్మ తీసేసి
దాన్ని అంటించిందట.

ఇంకొకటీ ఉంది, ఎవరికీ చెప్పనిది.
వయసు పొగరులో నా తుపాకీని
ఏడువందల గ్రాములకి దించుకున్నాను.
జనవరి ఉదయం, మందపాటి చేతితొడుగు.
నేను అనుకోకముందే అది అనుకుంది.
గుండు నా బూటుకి జానెడు దూరంలో
మంచులోకి దిగింది.
చిల్లులో నేల బయటపడి, కిందటేటి గడ్డిపరక ఒకటి,
ఇంకా పచ్చగా.
ఆ రంగు ఇప్పటికీ
త్రాసు ముట్టుకున్నప్పుడల్లా కనిపిస్తుంది.

"మరి బిగించాలా, వద్దా?"
తిరుగుదారిలో దాలిబోర్ అడిగాడు.
నేను జవాబు చెప్పలేదు,
చెప్పగలిగినంత సూటిగా లేదది.
బల్ల దగ్గర కూర్చుని
గోడ లోపలి ఇసుకని మాత్రం
నున్నటి రాతితో తుడిచాను.
అరగంట పని.
బరువు తగ్గలేదు, గరగర పోయింది.

శనివారం పదకొండోవాడిగా వచ్చాడు.
అంతకుముందు పన్నెండు.
దాన్ని ఎవరి ఖాతాలో వేయాలో
మా ఇద్దరికీ తెలియదు.

ఆదివారం తలుపు తట్టాడు.
డబ్బా ఇంకా నా అరలోనే ఉంది,
అతను అడగలేదు, నేను తీయలేదు.
అరచేతిలో కొత్తవి, ఆరు డొల్ల తూటాలు.

"నువ్వే నింపు," అన్నాడు,
"నేను అటు తిరిగి నిలబడతా."