ఇరవై గజాలు

ఓర్విల్ బల్ల మీద గుడ్డ పరిచి
నాలుగు సైట్లు వరసగా పెట్టాడు,
పళ్ళ డాక్టరు పనిముట్లు సర్దినట్టు.
దుకాణం సగం చేపల ఎరలు, సగం అమ్ములు.
కిటికీ అవతల సుపీరియర్ సరస్సు
సెప్టెంబరు పోకముందే సీసం రంగుకు తిరిగింది.

"ఇది అయిదు పిన్నులది, ఇర్మా.
ఇరవై నుంచి అరవై గజాల దాకా
దూరానికో చుక్క."
కంటి ముందు పెట్టుకున్నాను.
ఆకుపచ్చ, ఎరుపు, పసుపు, మళ్ళీ ఆకుపచ్చ, మళ్ళీ ఎరుపు.
శుక్లం ముసురుతున్న నా కుడికంటికి
అవి అయిదు కావు,
తడి గాజు మీద నలిగిన ఒక మిణుగురు.

"పోనీ ఇది చూడు. ఒకటే పిన్ను.
చక్రం తిప్పితే దూరం ఎంతంటే అంత."
వెనకగదిలో ఆరు అమ్ములు వేశాను.
గడ్డిమోపు మీద కాగితం, కాగితం మీద నారింజ చుక్క.
తిప్పాను, ఊపిరి బిగబట్టాను, వదిలాను.
ఆరూ ఒక కాఫీడబ్బా మూత కింద దాక్కునేంత దగ్గరగా;
ఆరోది అయిదోదాని ఈక చీల్చింది.
ఓర్విల్ ఈల వేశాడు.
పన్నెండు డాలర్ల అమ్ము పాడైందని విసుక్కున్నాను,
లోపల మాత్రం పొంగిపోయాను.

కాగితానికి తొందర లేదు.
చక్రం తిప్పేదాకా ఆగుతుంది,
కళ్ళజోడు తుడుచుకునేదాకా ఆగుతుంది,
గురి తప్పితే రేపు కూడా అక్కడే ఉంటుంది.

ఓర్విల్‌కి చెప్పలేదు గానీ
నిరుడు నవంబరులో, చిత్తడి అంచున, పొద్దు వాలే వేళ,
కొమ్ముల జింక ఒకటి వచ్చి నిలబడింది.
ముప్పై అనుకున్నాను. కాదు, నలభై.
రెండు చుక్కల నడుమ ఎక్కడో ఉంది అది.
వింటినారి బుగ్గకు ఆని ఉంది, భుజం వణుకుతోంది,
నేను తేల్చుకోకముందే వేలు తేల్చేసింది.

నెత్తురు మొదట అరచేతంత,
తర్వాత గోరంత,
తర్వాత ఆవగింజంత.
మా అక్క కొడుకు వెయికో లాంతరు పట్టుకొచ్చాడు.
పదిన్నరకు మంచు మొదలైంది.
మూడోరోజు
అదెక్కడుందో కాకులు చెప్పాయి.

"అడుగు సొరుగులో ఏముంది, ఓర్విల్?"
ఎవరి విల్లు నుంచో ఊడదీసిన పాత ఇత్తడి సైటు,
ఒకటే పిన్ను, చక్రం లేదు.
"ఇరవైకి బిగిస్తే ఇరవయ్యే మరి, ఇంకేం చెయ్యదిది."
"బిగించు."
పదకొండు డాలర్లు తీసుకుని
నా వంక ఒకసారి, నా కంటి వంక ఒకసారి చూశాడు.

అక్టోబరు ఒకటి.
చెట్టు మీది మంచె నుంచి ఇరవై గజాలు కొలిచి
ఆల్డర్ కొమ్మకు నీలం గుడ్డపీలిక కట్టాను.
తెల్లారాక వచ్చింది, బలిసిన ఆడజింక.
పీలికకు అవతల ఆగింది.
రాలిన మేపుల్ ఆకులు మూతితో జరుపుతూ
చాలాసేపు మేసింది.
ఒక్కసారి పక్కకు తిరిగి, భుజం మొత్తం చూపించి,
నన్ను పరీక్షిస్తున్నట్టే నిలబడింది.
విల్లు మోకాళ్ళ మీదే ఉంది.
పిన్ను మాత్రం తన పాటికి తాను వెలుగుతోంది.

ఇంటికొస్తే వెయికో వంటింట్లో.
ఫ్రీజరులో పోయినేటి బటాణీలు తప్ప ఏం లేవు.
"ఏమైనా కనపడిందా?"
"కనపడింది. ఇరవైనాలుగు గజాల్లో."
"నాలుగు గజాలేగా, పిన్నీ!"
"నాలుగు గజాలే" అన్నాను,
వంగి బూటు తాళ్ళు విప్పుకుంటూ.